రెండు బస్తాల మిల్లరా, ఒక బస్తాదా?

ప్రశ్న: మేము జగిత్యాల దగ్గర ఒక ఊళ్లో 150 గజాల స్థలంలో ఇల్లు కట్టుకుంటున్నాం. ఇప్పుడు కింద ఒక అంతస్తు, రెండు మూడేళ్లయ్యాక పైన ఇంకొకటి. మావారు మస్కట్‌లో ఉంటారు, పని దగ్గర ఉండేది నేనే. గుంతలు తీయడం అయిపోయింది, వచ్చే వారం గుంతల అడుగున బెడ్డు కాంక్రీటు వేయాలి. కాంక్రీటు కలపడానికి మేస్త్రి ట్రిప్పుకు రెండు బస్తాల సిమెంటు పట్టే పెద్ద మిల్లర్ తెస్తానంటున్నాడు, స్లాబ్ మధ్యాహ్నం కల్లా అయిపోతదట. మా మరిదేమో అర బస్తా చిన్న మిల్లర్ కొనేద్దాం వదినా, పని అయ్యాక అమ్ముకోవచ్చంటున్నాడు. మావారు ఫోన్‌లో, ప్లాంటులో కలిపి ట్రక్కులో తెచ్చే రెడీమిక్స్ చెప్పెయ్ అంటున్నారు. 10/7, 14/10 అని ఏవో నంబర్లు చెప్తున్నారు, నాకు అర్థం కావట్లేదు. మా ఇంటికి ఏ సైజు సరిపోతుంది? మేస్త్రితో ఏమని మాట్లాడాలి?

సమాధానం: మీ ఉత్తరంలో ముగ్గురు మూడు మాటలు చెప్పారమ్మా, ముగ్గురూ మిషన్ గురించే చెప్పారు. స్లాబ్ ఎంతో, ఎంతమంది పైకి మోస్తారో ఒక్కరూ అడగలేదు. మిల్లర్ సైజు తేలేది అక్కడే. కాబట్టి లెక్క అక్కడి నుంచే మొదలుపెడదాం.

ముందు ఆ నంబర్ల సంగతి. 10/7 అంటే పది ఘనపుటడుగుల పొడి సామాను, అంటే సిమెంటు, ఇసుక, కంకర వేస్తే, ఏడు ఘనపుటడుగుల తడి కాంక్రీటు వచ్చే డ్రమ్ము అని. కంకర సందుల్లోకి ఇసుక, ఇసుక సందుల్లోకి సిమెంటు దిగిపోతాయి కాబట్టి వేసినంత బయటికి రాదు. 14/10 కూడా ఇదే పద్ధతి. లీటర్లలో చెప్తే 10/7 అంటే 280 వేస్తే 200, 14/10 అంటే దాదాపు 400 వేస్తే 280. కొన్ని మిషన్ల ప్లేటు మీద బయటికొచ్చే లీటర్లు మాత్రమే ఉంటాయి. 200 అని కనిపిస్తే అది మన 10/7 అన్నమాట. డ్రమ్ము మాత్రం బయటికి చాలా పెద్దగా కనిపిస్తుంది. లోపల సామాను దొర్లడానికి ఖాళీ ఉండాలి కదా. ఆ ఖాళీ చూసి ఇంకో రెండు తట్టలు పడతాయిలే అనేవాళ్లు ప్రతి సైటులోనూ ఉంటారు. నిండా నింపితే కాంక్రీటు దొర్లదు, గుండ్రంగా తిరుగుతుందంతే.

ఇప్పుడు బస్తా లెక్క. 50 కిలోల సిమెంటు బస్తా 35 లీటర్లు, అంటే ఒకటింబావు ఘనపుటడుగు. స్లాబుకు, పిల్లర్లకు వాడే ఎం20 రకం కాంక్రీటు పాత లెక్కలో 1:1½:3, అంటే సిమెంటు ఒక వంతు, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు. ఒక బస్తాకు ఇసుక 52 లీటర్లు, కంకర 105 లీటర్లు పడతాయి. అన్నీ కలిపి 192 లీటర్ల పొడి సామాను. బయటికి వచ్చేది 125 లీటర్ల కాంక్రీటు. 10/7లో ఇది హాయిగా తిరుగుతుంది. రెండు బస్తాలైతే 385 లీటర్లు, 14/10లో అంచుదాకా వస్తుంది. ఇసుక తడిగా ఉంటే పొంగి ఉంటుంది కాబట్టి ఆ అంచు కూడా దాటుతుంది.

ఒక బస్తాకు 10/7లో ఇంకా చోటు మిగులుతుంది. అందుకే బస్తాన్నర వేద్దామనే మాట వస్తుంది. వద్దనండి. అర బస్తాను తూకం వేసి పోసేవాళ్లను నా సర్వీసులో నేను చూడలేదు. బస్తా మధ్యలో పారతో కోసి, కంటికి ఆనినంత పోస్తారు. ఒక ట్రిప్పుకు ఎక్కువ, ఇంకో ట్రిప్పుకు తక్కువ. అదే స్లాబ్‌లో ఒక గది పైన గట్టి కాంక్రీటు, పక్క గది పైన నీరసం కాంక్రీటు. మిల్లర్ ఏదైనా సరే, ఒక ట్రిప్పుకు పూర్తి బస్తా లేదా రెండు పూర్తి బస్తాలు. ఈ ఒక్క నియమం మీద మాత్రం గట్టిగా నిలబడండి.

మీ ఇంటి లెక్క వేస్తాను. 150 గజాలంటే 1,350 చదరపు అడుగులు. చుట్టూ ఖాళీ వదిలి, సజ్జలు, వరండా కలుపుకుని స్లాబ్ 900 చదరపు అడుగులు వస్తుందనుకుందాం. అయిదంగుళాల మందానికి 375 ఘనపుటడుగులు. స్లాబ్ కింద వేలాడే బీములకు ఇంకో 90, పారబోతకు పది. మొత్తం 475, అంటే పదమూడున్నర ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు ఎనిమిది బస్తాల చొప్పున 108, మనం 110 అనుకుందాం. మీ ప్లాను వేరుగా ఉంటే ఇదే పద్ధతిలో మార్చుకోండి.

10/7, అంటే ఒక బస్తా మిల్లర్‌కు సామాను ఎక్కించడం, నీళ్లు పోయడం, రెండు నిమిషాలు తిరగడం, దింపడం, అన్నీ కలిపి ట్రిప్పుకు నాలుగు నిమిషాలు. నేర్పున్న గుంపు మూడున్నరలో లాగుతుంది, కొత్త గుంపు అయిదు తీసుకుంటుంది. 110 ట్రిప్పులకు ఏడు గంటల ఇరవై నిమిషాలు. పొద్దున ఏడింటికి మొదలుపెడితే అన్నం టైము పోను మధ్యాహ్నం మూడున్నరకు అయిపోతుంది. మీ మరిది చెప్పే అర బస్తా మిల్లర్‌తో 220 ట్రిప్పులు. మూడున్నర నిమిషాల చొప్పున వేసినా దాదాపు పదమూడు గంటలు. రాత్రి లైట్లు పెట్టుకుని ముగించాలి. మేస్త్రి రెండు బస్తాలదైతే 55 ట్రిప్పులు, అయిదేసి నిమిషాలు, నాలుగున్నర గంటల్లో అయిపోవాలి.

కాగితం మీద మేస్త్రి గెలిచాడు. సైటులో గెలవడు. ఎందుకంటే డ్రమ్ము దింపిన కాంక్రీటు తనంతట తాను స్లాబ్ మీదికి ఎక్కదు. మనిషి మోసే తట్టలో ఎనిమిది లీటర్లు పడుతుంది, తూకం ఇరవై కిలోలు. ఒక బస్తా ట్రిప్పుకు పదహారు తట్టలు, నాలుగు నిమిషాల్లో. అంటే నిమిషానికి నాలుగు తట్టలు మెట్ల బల్ల మీద చేతులు మారుతూ పైకి వెళ్లాలి. పదిహేను మంది ఉన్న గుంపు దీన్ని రోజంతా లాగగలదు. రెండు బస్తాల ట్రిప్పు అయిదు నిమిషాల్లో ముప్పై ఒక్క తట్టలు, నిమిషానికి ఆరు పైనే. ఆ వేగం పొద్దున గంటసేపు ఉంటుంది. పదింటికి ఎండ ఎక్కేసరికి డ్రమ్ము దింపిన కాంక్రీటు కింద రేకు మీద కుప్పగా పడి ఉంటుంది, అది బిగుసుకుంటుందని ఎవరో ఒకరు దాని మీద చెంబెడు నీళ్లు చల్లుతారు. ఆ చెంబు కోసమైనా మీరు పక్కన ఉండాలి. పెద్ద మిల్లర్ చేసే చెడు అంతా ఆ చెంబులో ఉంటుంది.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. ఎం20 లెక్కకు బస్తాకు ముప్పై లీటర్ల నీళ్లు మించకూడదని కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 చెప్తుంది. అది ఇసుకలో ఉన్న తడితో కలిపి. ఇసుక చెమ్మగా ఉంటే ఇరవై అయిదు కూడా ఎక్కువే కావచ్చు. మిల్లర్‌కు నీళ్ల ట్యాంకు, కొలత గొట్టం ఉంటే మంచిది. లేకపోతే రెండు బకెట్లకు పెయింటుతో గీత గీసి, ఆ గీత దాకానే పోయించండి. పైపుతో డ్రమ్ములోకి నేరుగా నీళ్లు కొట్టనివ్వకండి. మొత్తం స్లాబుకు దగ్గర దగ్గర మూడు వేల లీటర్లు పడుతుంది. 200 లీటర్ల డ్రమ్ములు పదిహేను. కరెంటు పోయి బోరు ఆగిపోతే మధ్యలో ట్యాంకర్ కోసం పరిగెత్తాల్సి వస్తుంది, ముందు రోజు రాత్రికే నింపి పెట్టుకోండి. ఇసుక 200 ఘనపుటడుగులు, 20 ఎంఎం కంకర 400 ఘనపుటడుగులు మిల్లర్‌కు రెండు పక్కలా కుప్పలు పోయించండి. ఒకే పక్క పోస్తే ఎక్కించేవాళ్లు ఒకళ్లకొకళ్లు అడ్డం వస్తారు, నాలుగు నిమిషాలు ఆరవుతాయి.

మరి చిన్న మిల్లర్ ఎందుకు వద్దంటున్నానంటే, పదమూడు గంటలు పడుతుందనే కాదు. స్లాబ్ ఒక అంచు నుంచి పట్టీలు పట్టీలుగా పోసుకుంటూ వస్తారు. మీ స్లాబ్ పాతికడుగుల వెడల్పు ఉందనుకుంటే, నాలుగడుగుల పట్టీకి తొమ్మిది పది బస్తాలు. ఒక బస్తా మిల్లర్‌తో నలభై నిమిషాల్లో ఆ కొస చేరి, మళ్లీ ఈ కొసకు వస్తారు. అప్పటికి మొదటి పట్టీ అంచు ఇంకా పచ్చిగానే ఉంటుంది, కాంక్రీటును కుదించే వైబ్రేటర్ నీడిల్ దిగుతుంది, రెండూ ఒకటైపోతాయి. అర బస్తాతో గంట పైన పడుతుంది. టీ తాగడానికి పావుగంట ఆగారంటే, మీ వైపు ఏప్రిల్ ఎండలో ఆ అంచు గట్టిపడిపోతుంది. పక్కన కొత్త కాంక్రీటు పోసినా అతుక్కోదు, ఆనుకుంటుంది. రెండేళ్ల తర్వాత వాన నీరు ఆ గీత వెంటే దిగుతుంది.

ఇది పుస్తకంలో చదివింది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా చిన్నాన్న ఇంటి స్లాబ్ నేనే నిలబడి వేయించాను. ముప్పావు వంతు అయ్యాక ఇంజను బెల్టు తెగింది. ఆ రోజు దసరా. ఊళ్లో ఒక్క షాపు తీసి లేదు. మిగిలింది నేల మీద పారలతో కలిపి, పొద్దు గూకాక ముగించాం. ఆ గీత దగ్గర ప్రతి శ్రావణంలో చెమ్మ కనిపిస్తుంది. చిన్నాన్న ఎప్పుడూ ఏమీ అనలేదు, కాని వానాకాలంలో వాళ్లింటికి వెళ్లినప్పుడు నేను పైకి చూడను. మీరు మిల్లర్ మాట్లాడేటప్పుడు స్పేరు బెల్టు, స్టార్ట్ చేసే హ్యాండిల్, డీజిల్ డబ్బా మిషన్‌తో పాటు వస్తాయా అని అడగండి. సైజు కంటే ముందు అడగాల్సిన ప్రశ్న అదే అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఊళ్లో కరెంటు మీద నమ్మకం లేకపోతే మోటారు మిల్లర్ వద్దు, డీజిల్ ఇంజనే తెప్పించండి.

చిన్న మిల్లర్‌కు మీ ఇంట్లో పనే లేదని కాదు. పిల్లర్లు దాని పని. తొమ్మిది పిల్లర్లు, ఒక్కోటి 9 అంగుళాలకు 12 అంగుళాలు, పదడుగుల ఎత్తు. తొమ్మిదీ కలిపి 68 ఘనపుటడుగులు, పదిహేను పదహారు బస్తాలు. అదీ ఒకే రోజు కాదు, రోజుకు మూడో నాలుగో పోస్తారు. అయిదారు బస్తాల పనికి మిల్లర్ ఎందుకని మేస్త్రి నేల మీదే కలిపించేస్తాడు. ఇంటి బరువంతా మోసేది పిల్లర్, దానికే అందరికంటే నాసిగా కలిపిన కాంక్రీటు! ఈ అలవాటు మీద నాకు ఉన్నంత కోపం దేని మీదా లేదు. ప్రభుత్వ పనుల్లో చేత్తో కలపాల్సి వస్తే సిమెంటు పది శాతం ఎక్కువ వేయాలనే పద్ధతి ఉంది. ఇళ్ల దగ్గర అది ఎవరూ వేయరు. పిల్లర్ల రోజులకు అర బస్తా మిల్లర్ అద్దెకు తెచ్చుకోండి, ఒక మనిషి వంచి దింపేస్తాడు, తట్టలు మెల్లగా అందించుకోవచ్చు. ఇందాక పూర్తి బస్తా అని గట్టిగా చెప్పి ఇక్కడ అర బస్తా అంటున్నానని మీరు పట్టుకుంటారు. నిజమే. ఇందులో బస్తాను కంటితో కోయకుండా, కింద చెప్పబోయే పెట్టెతో కొలిచి వేయించండి.

కొనడం మాత్రం వద్దు. మీ మరిది మంచి మనసుతోనే చెప్పాడు. కాని బెడ్డు, పుటింగులు (పిల్లర్ల కింది పునాది దిమ్మలు), ప్లింతు బీము (నేల మట్టంలో పిల్లర్లను కలిపే బీము), పిల్లర్లు, స్లాబ్, అన్నీ కలిపితే మిల్లర్ తిరిగే రోజులు ఎనిమిదో పదో. మిగతా ఆరు నెలలు అది మీ వాకిట్లో తుప్పు పడుతుంది. ఊళ్లో తెలిసినవాళ్లంతా ఒక్కరోజు ఇవ్వమని అడుగుతారు, లోపల కాంక్రీటు కడగకుండా తిరిగి తెస్తారు. అమ్మేటప్పుడు పాత ఇనుము ధర పలుకుతుంది.

ఇప్పుడు వచ్చే వారం బెడ్డు సంగతి. ఇక్కడ ఒక చిక్కు ఉంది, చాలామందికి తట్టదు. ఒక బస్తా మిల్లర్ అన్నది స్లాబ్ కాంక్రీటుకు మాత్రమే ఒక బస్తాది. బెడ్డుకు 1:4:8 కలుపుతారు. అంటే ఒక బస్తాకు ఇసుక నాలుగింతలు, కంకర ఎనిమిదింతలు. మొత్తం 455 లీటర్లు. 10/7 డ్రమ్ముకే కాదు, 14/10కి కూడా పట్టదు. బస్తా మొత్తం వేసి, పట్టినంత ఇసుక, కంకర వేస్తే సిమెంటు దండగ. నిండా వేస్తే బయటికి చిమ్ముతుంది. బెడ్డు రోజు పెట్టెతో అర బస్తా కొలిచి వేయించండి, 10/7లో 227 లీటర్లు, సరిగ్గా తిరుగుతుంది. పుటింగులకు మళ్లీ ఎం20, పూర్తి బస్తా. మీ తొమ్మిది గుంతలకు ముప్పై పైచిలుకు బస్తాలు అవుతాయి, 10/7 తెచ్చుకుంటే మధ్యాహ్నానికి అయిపోయే పని.

ఆ పెట్టె ఇప్పుడే వడ్రంగితో చేయించండి, మిల్లర్ కంటే ఎక్కువ పనికొస్తుంది. లోపలి కొలత అడుగు పొడవు, అడుగు వెడల్పు, ఏడున్నర అంగుళాల ఎత్తు. రెండు పక్కలా పట్టుకోవడానికి పిడులు. ఇది సరిగ్గా అర బస్తా సిమెంటు కొలత. ఎం20కి ఒక బస్తాకు ఇసుక మూడు పెట్టెలు, కంకర ఆరు పెట్టెలు. ఇసుక చెమ్మగా ఉంటే పొంగి ఉంటుంది, పావు వంతు దాకా కూడా పొంగుతుంది, అప్పుడు మూడు కాదు, మూడున్నర వేయించండి. పెట్టెను పైన కర్రతో చదును చేసి పోయాలి. మేస్త్రి తట్టల లెక్కే నాకు అలవాటు అంటాడు. సరే అనండి, అయితే మీ తట్టలో ఎంత పడుతుందో ఈ పెట్టెలో పోసి చూద్దాం అనండి. ఒకసారి చూశాక ఆయనే పెట్టె పట్టుకుంటాడు.

మీవారి రెడీమిక్స్ మాట తీసేసేది కాదు. నాణ్యత లెక్కన అదే మేలు. కాని ఒక ట్రక్కులో మామూలుగా ఆరు ఘనపు మీటర్లు వస్తాయి, మీకు కావాల్సింది పదమూడున్నర. రెండు నిండు ట్రక్కులు, మూడోది ఒకటిన్నర మీటర్ల కోసం. అంత కొంచెం కోసం వస్తారా, ఎంత అడుగుతారు అన్నది ముందే తేల్చుకోవాలి. పంపు కూడా విడిగా మాట్లాడాలి. మీ వీధిలో ట్రక్కు తిరుగుతుందా చూడండి. కాంక్రీటు కలిపిన రెండు గంటల్లోపు దింపాలన్నది నియమం, కాబట్టి ప్లాంటు నుంచి మీ ఊరికి ఎంతసేపు పడుతుందో ఫోన్ చేసి అడగండి. ఇవన్నీ కుదిరితే స్లాబుకు అదే తెప్పించుకోండి, మిగతా చిన్న పనులకు మిల్లర్. కుదరకపోతే బాధపడొద్దు, మీ ఊళ్లో నిలబడ్డ పాత స్లాబులు చాలావరకు 10/7 మిల్లర్లవే.

మరి నా సలహా: బెడ్డుకు, పుటింగులకు, స్లాబుకు హాపర్ (సామాను డ్రమ్ములోకి ఎత్తి పోసే తొట్టి) ఉన్న 10/7, డీజిల్ ఇంజనుది. పిల్లర్లకు అర బస్తాది. పైన రెండో అంతస్తు వేసేటప్పుడు మాత్రం లిఫ్ట్ మిల్లర్ తెప్పించండి. అంటే మిల్లర్ పక్కనే నిలువు ఇనుప కమ్మీలు, వాటి మీద కాంక్రీటు తొట్టి పైకి పోతుంది. ఇరవై అడుగుల ఎత్తుకు చేతుల మీద తట్టలు పంపడం మనుషులతో చేయించే పని కాదు. కింది స్లాబుకు కూడా లిఫ్ట్ దొరికితే సంతోషం, గుంపు తగ్గుతుంది. మేస్త్రి ఎప్పటికీ రెండు బస్తాలదే అంటే, లిఫ్ట్‌తో పాటు తెమ్మనండి. కాంక్రీటు పైకి మిషన్ తీసుకెళ్తే పెద్ద డ్రమ్ముకు అర్థం ఉంటుంది.

మిల్లర్ ముందు రోజు సాయంత్రమే సైటుకు రావాలి. రాగానే డ్రమ్ములోకి టార్చి వేసి చూడండి. లోపలి రెక్కలు అరిగి, మూలల్లో పాత కాంక్రీటు మందంగా పేరుకుని ఉంటే అది 10/7 కాదు, 8/5 అనుకోండి. ఖాళీగా అయిదు నిమిషాలు తిప్పించి వినండి. బెల్టుకు రేకు మూత ఉండాలి. సామాను ఎక్కించేది ఎక్కువగా ఆడవాళ్లే, కొంగు బెల్టులో పడితే క్షణం పట్టదు. హాపర్ పైకి లేచి ఉన్నప్పుడు దాని కింద చిమ్మడానికి ఎవరినీ వంగనివ్వకండి, తిరిగే డ్రమ్ములో పార పెట్టనివ్వకండి.

మేస్త్రితో ఎలా మాట్లాడాలని అడిగారు. సైజు గురించి వాదించకండి, ఆయన మీకంటే వంద స్లాబులు చూశాడు, ఆ వాదనలో మీరు ఓడిపోతారు. "ఎన్ని బస్తాలు పడతయి, ఎంతమంది వస్తరు, పైకి ఎట్ల పోతది?" అని మూడు ప్రశ్నలు అడిగి, ఆయన చెప్పింది ఆయన ముందే కాగితం మీద రాయండి. బస్తాలను ట్రిప్పులతో, ట్రిప్పులను నిమిషాలతో ఆయనే గుణించుకుంటాడు. రాసుకున్న సంఖ్యకు రోజు చివర్లో ఖాళీ సంచులు లెక్కపెడతానని మాత్రం చెప్పండి.

ఇంకొకటి. మధ్యాహ్నానికి స్లాబ్ ముగించాలనే తొందర వెనక సాయంత్రం దావత్ ఉంటుంది, ఆ సంగతి మీకు తెలియనిది కాదు. దావత్ ఇవ్వండి, మటనే పెట్టండి, వాళ్లు పడ్డ కష్టానికి అది ఎక్కువేం కాదు. కాకపోతే డ్రమ్ములో కంకర, నీళ్లు వేసి తిప్పి కడిగి, వైబ్రేటర్ నీడిల్ తుడిచి, స్లాబ్ అంచుల మీద తడి గోనెలు కప్పిన తర్వాతే పొయ్యి మీద గిన్నె ఎక్కుతుందని ముందు రోజే చెప్పేయండి.